ఫాస్టింగ్ అంటే శుక్రవారం

ఏడో తరగతిలో బడి మానేసిన నేను పాతికేళ్లుగా రోజూ బడికే వెళ్తున్నాను. స్కూలు బస్సు నడుపుతాను. పొద్దున్నే నందిగామలో ఖాళీ బండి తీసుకుని జగ్గయ్యపేట వెళ్లడం, అక్కణ్ణించి హైవే మీద ఊరూరా ఆగి పిల్లల్ని ఎక్కించుకుని నందిగామ రావడం, సాయంత్రం అదే పని తిరగేసి చేయడం. నాకు చదువు ఎక్కకపోయినా చదువుకునేవాళ్లని నేను ఎక్కించుకుంటున్నాను కదా అని మా ఆవిడతో అంటుంటాను. ఆవిడ గవర్నమెంటు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇద్దరికీ కూడు పెట్టేది బడే. ఎండాకాలం సెలవులిస్తే ఊళ్లో పిల్లలంతా ఎగిరి గంతేస్తారు. మా ఇంట్లో మాత్రం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం.

డ్రైవరంటే నడిపేవాడని అందరూ అనుకుంటారు. నిజానికి డ్రైవరు చేసేది కూర్చోవడం. నడిచేది బండి. అలా పాతికేళ్లు కూర్చున్నందుకు స్టీరింగుకి ఆనే పొట్ట ఒకటి, మాత్రల డబ్బా ఒకటి దక్కాయి. షుగర్ వచ్చి చాలా కాలమైంది. దీన్ని రెండో రకం అంటారు. ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది కానీ దాని మాట వినేవాళ్లు ఉండరు. అచ్చం మా ఇంట్లో నా పరిస్థితి. ఆ వివరం అప్పట్లో నాకు తెలియదు. గుర్తొస్తే మాత్ర వేసుకునేవాణ్ణి, గుర్తు రాకపోతే ఆ రోజుకి షుగరే లేదనుకునేవాణ్ణి.

ఈ ఏడాది పిల్లలకి పెద్ద పరీక్షలు జరుగుతున్నప్పుడు నందిగామ డాక్టరమ్మ నాకూ ఒక పరీక్ష పెట్టింది. మూడు నెలల షుగర్ అని ఒకటి ఉంటుంది. వేలు గుచ్చి చూసేది ఆ పూట సంగతి చెబుతుంది. ఇది మాత్రం మూడు నెలలుగా మనం ఏం వెలగబెట్టామో మొత్తం బయటపెడుతుంది. పిల్లలు పాసయ్యారు, నేను ఫెయిలయ్యాను.

"ఈ ఎండాకాలం చూద్దాం. మాత్రలు మానకుండా వేసుకోండి, నడవండి. బడులు తెరిచేలోపు మళ్లీ పరీక్ష చేస్తాను. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ సూది మొదలుపెట్టాలి" అంది.

అక్కడితో నోరు మూసుకుని ఇంటికి పోతే సరిపోయేది. నా నోరు మూతపడదు. సాయంత్రం ట్రిప్పు అయ్యాక బస్సుల ఇంచార్జి సారుతో, "సార్, నాకు జూన్ నుంచి రోజూ ఇంజెక్షనంట, బండికి ఆయిల్ పోసినట్టు నాకూ పోస్తారంట" అని జోకేశాను. ఆయన నవ్వలేదు.

"ఏమనుకోకు. సూది మీద ఉన్న డ్రైవరంటే పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు. దారిలో షుగర్ పడిపోయి కళ్లు తిరిగితే ఎవరు సమాధానం చెప్పాలి? సూది లేదంటే జూన్లో బండి నీది. ఉందంటే వేరేవాణ్ణి చూసుకుంటా."

ఆ మాట విన్నప్పటి నుంచి నా కాళ్లు నా మాట వినడం మానేశాయి. సెలవులొచ్చాయి, బండి షెడ్డులో పడింది. ఇంట్లో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే బయటికి పోవాలనిపిస్తుంది, బయటికి పోతే ఎండ వెనక్కి తోలుతుంది. నందిగామలో ఏప్రిల్ ఎండ కూడా ఇంచార్జి సారు లాంటిదే. నవ్వించలేం. స్టీరింగు తప్ప నాకు ఇంకో పని రాదు. ఈ వయసులో బండి దిగమంటే ఎక్కడికి దిగాలి? మంచం మీద పడుకున్నా కుడికాలు గాల్లో బ్రేకు తొక్కుతూ ఉండేది.

"ఏందయ్యా, మంచానికి బ్రేకులున్నయ్యా? పక్కన పడుకున్న మనిషిని తన్నుతున్నావ్" అనేది మా ఆవిడ.

"నువ్వు అడ్డమొస్తే తొక్కనా మరి?"

"తొక్కు తొక్కు. ఆ తొక్కేదేదో రోడ్డు మీద తొక్కితే షుగరన్నా తగ్గుద్ది."

ఆవిడ తమ్ముడు, అంటే మా బామ్మర్ది, పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకి ఆటో తోలతాడు. మనిషి చిన్నవాడే కానీ సలహాలు ముసలివాడంత ఇస్తాడు. ఫోన్లో నా గోడు విని వెంటనే వైద్యం చెప్పాడు.

"బావా, నడిస్తే ఏం తగ్గుద్ది? ఉరకాలి. చెమట ధారగా కారాలి. చెమటతోపాటు షుగరంతా కారిపోద్ది."

"షుగర్ కారితే నా వెనక చీమలు ఉరకాలిరా."

"నవ్వుకో, నవ్వుకో. జూన్లో నువ్వు నా ఆటో వెనక సీట్లో కూర్చున్నప్పుడు నేను నవ్వుతా."

ఆ మాట సూదికంటే ముందే గుచ్చుకుంది.

డాక్టరమ్మ మొదటిరోజే ఇంకో మాట చెప్పింది, నెల తిరిగాక ఒకసారి మామూలు షుగర్ చూపించుకుని రమ్మని. ఫాస్టింగ్‌లో ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. ఇంటికొచ్చి మా ఆవిడతో అదే చెప్పాను, ఫాస్టింగ్‌లో చూపించుకోవాలంట అని. ఆవిడ రొట్టె తిప్పుతూనే తేల్చేసింది.

"ఫాస్టింగ్ శుక్రవారమేగా. మా జగ్గయ్యపేటలో పెట్టుకుందాం. అమ్మ దగ్గర షుగర్ మిషను కూడా ఉంది."

ఇందులో తప్పేముందో మా చర్చివాళ్లెవరికీ తట్టదు. ఫాస్టింగ్ ప్రేయర్ శుక్రవారమే జరుగుతుంది. పొద్దుట్నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా, పాటలు పాడి, వాక్యం విని, మధ్యాహ్నం రెండు దాటాక ప్రార్థన ముగించి అన్నం తింటాం. పుట్టినప్పటి నుంచి ఫాస్టింగ్ అంటే మాకు అదే. షుగర్ పరీక్ష కూడా దేవుడి సన్నిధిలో చేయిస్తే మంచిదేనని డాక్టరమ్మ అనుకుందేమో అని నేను కూడా సంతోషించాను. ఆవిడ మన మనిషే అన్నమాట అనుకున్నాను.

నెల తిరిగాక ఒక శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేటలో మా అత్తగారింట్లో దిగాం. ఉపవాసం కదా అని మాత్ర కూడా వేసుకోలేదు. చర్చికి పోయేముందు మా అత్త మిషను తీసి వేలు గుచ్చింది. నూట అరవై మీద చిల్లర చూపించింది. పర్లేదు, ప్రార్థన అయ్యేసరికి ఇంకా దిగుతుందిలే అంది మా ఆవిడ.

ప్రార్థనలో నా ఒళ్లు నిలబడలేదు. అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచి గడియారం చూసేవాణ్ణి. పాస్టరుగారు ఓర్పు గురించి చెబుతున్నారు. ఆయన ఎంత ఓర్పుగా చెబుతున్నారంటే, విన్నవాళ్లకి ఉన్న ఓర్పు కాస్తా అయిపోయింది. ముగింపు పాట మొదలవుతుండగా వెనకనుంచి బామ్మర్ది చొక్కా లాగాడు.

"రా బావా. కడుపు ఖాళీగా ఉందిగా, ఇప్పుడు ఉరికితే ఉన్న షుగరంతా మాడిపోద్ది. తర్వాత చూపించుకో. డాక్టరు కళ్లు తిరిగి పడాల."

పేటలో గుట్టని బోడు అంటారు. ఊరి పక్కనున్న బోడు చూపించి, దాని మీదకి ఎవరు ముందు ఎక్కితే వాళ్లు మగాడు అన్నాడు. యాభై దాటిన మనిషిని ఆ మాటతో రెచ్చగొట్టకూడదు. నెత్తిన ఎండ, కడుపులో ఏమీ లేదు, కాళ్లకి చర్చికని వేసుకున్న తోలు చెప్పులు. ఉరికాను. పరగడుపున ఆ పరుగు ఎలా ఉందంటే, గుండె నోట్లోకొచ్చి నాలుక పక్కన కూర్చుంది. సగం దూరంలో బామ్మర్ది ఒక రాయి మీద కూలబడ్డాడు. నేను ఆగలేదు. నా కంటికి ఆ బోడు పైన స్టీరింగు కనిపిస్తోంది. పైకెక్కి కిందికి దిగి, అత్తగారింటి అరుగు మీద పడి, చెయ్యి చాచి మిషను అడిగాను.

రెండు వందల ముప్పై.

"మిషను పాడైందత్తా" అన్నాను.

"నా మిషను మీద నింద వెయ్యమాకు అల్లుడా. పొద్దున బానే ఉందిగా?"

మళ్లీ గుచ్చాం. ఇంకో నాలుగు ఎక్కువ చూపించింది. అనుమానం తీరక బామ్మర్ది వేలు గుచ్చాం. వాడిది మామూలుగానే ఉంది, కానీ రక్తం చూసి మొహం తెల్లబోయింది. మా అత్త తన వేలు కూడా చాపింది, ఎలాగూ డబ్బా విప్పారు కదా అని. మిషను నిక్షేపంగా ఉంది. చెడింది నేనే.

అన్నం వడ్డిస్తే ముద్ద దిగలేదు. నిన్న రాత్రి నుంచి గింజ ముట్టలేదు, చెమట చొక్కా దాటి కారింది, ఆ షుగర్ ఎక్కణ్ణించి వచ్చింది? తింటే పెరుగుతుందన్నారు, తినలేదు. కదిలితే తగ్గుతుందన్నారు, కదిలాను. ఇక ఏం చేసినా తగ్గదంటే, జూన్లో బండి నాది కాదన్నట్టే. తిరిగి నందిగామ వచ్చే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, అతను గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యీ కదులుతుంటే మా ఆవిడ సీట్లోంచి లేచొచ్చి నా పక్కన నిలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"ఫాస్టింగ్ చూసుకున్నారా?"

"చూసుకున్నానండి. మధ్యాహ్నం రెండున్నరకి."

"మధ్యాహ్నమా? పొద్దున కదా చూడాలి?"

"మాది మధ్యాహ్నం దాకా ఉంటదండి."

"ఎవరిది?"

"మా చర్చిదండి. శుక్రవారం."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది, చెప్పిందంతా తానే అయినా. ఫాస్టింగ్ అంటే రాత్రి తిన్నాక ఏమీ తినకుండా పొద్దున లేవగానే చూసేదని తెలిసేసరికి నాకు నవ్వాగలేదు. డాక్టరమ్మ కూడా నవ్వింది. బోడు పందెం సంగతి చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"మాత్ర మానేసి, ఏమీ తినకుండా, ఆ ఎండలో పరిగెత్తారా? అక్కడే పడిపోతే? ఉపవాసం ఉండాలంటే ముందు నన్నడగాలి. మాత్రలు ఎలా మార్చుకోవాలో చెబుతాను. మీ ఇష్టానికి మానేయకూడదు."

తిట్టడం అయ్యాక, అలా అని నేను భయంతో నడక మానేస్తానేమో అనుకుందో ఏమో, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. నాకు అర్థమైనట్టుగా చెబుతాను. డాక్టర్లెవరైనా చదివితే సర్దుకోండి.

మన లివర్ ఒక డిపో. తిన్నదాంట్లో కొంత షుగర్ని తీసి అది లోపల నిలబెట్టుకుంటుంది, షెడ్డులో బస్సుల్లాగా. కడుపు ఖాళీ అయినప్పుడు గ్లూకగాన్ అనే హార్మోన్ వెళ్లి, రోడ్డు మీద బండ్లు లేవు, కొన్ని వదలండి అంటుంది. బండ్లు బయటికొస్తాయి. రోడ్డు మీద చాలినన్ని ఉన్నప్పుడు ఇన్సులిన్ వెళ్లి, ఇక చాలు ఆపండి అనాలి. షుగర్ జబ్బు ఉన్నవాళ్లలో గ్లూకగాన్ నోరు పెద్దది. ఇన్సులిన్ అరిచి గీపెట్టినా డిపోలో వినిపించుకోరు. అందుకే ఏమీ తినకపోయినా షుగర్ ఉంటుంది.

"మరి ఉరికితే పెరగడమేందండి?"

"ఒక్కసారిగా పులి వెంటపడ్డట్టు పరిగెత్తారు కదా. ఒంటికి అది వాకింగ్ అని తెలీదు, ప్రాణం మీదికొచ్చిందనుకుంటుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుకుని వస్తుంది. లివర్‌లో ఉన్నదంతా గబగబా రక్తంలోకి వదిలేస్తుంది. కండలు అంత వేగంగా వాడుకోలేవు. మామూలు మనిషికైతే తర్వాత ఇన్సులిన్ వచ్చి సర్దేస్తుంది. మీకు ఆ సర్దడం ఆలస్యం. కొన్ని గంటల్లో అదే దిగుతుంది, కంగారు పడక్కర్లేదు."

"అంటే నేను తిరునాళ్లకి స్పెషల్ బస్సులు వేయించినట్టు. జనం లేకుండా."

"అంతే. అసలు పొద్దున నిద్ర లేచేవేళకే కొన్ని హార్మోన్లు లేచి కాస్త షుగర్ పెంచుతాయి. దిగులు పెట్టుకున్నా, నిద్రలేకపోయినా కార్టిజాల్ అని ఇంకోటి పెంచుతుంది."

"అయితే మా ఇంచార్జి సారు మాటలో కూడా షుగరున్నట్టేనండి."

ఈసారి మా ఆవిడ కూడా నవ్వింది. డాక్టరమ్మ అసలు సంగతికి అప్పుడొచ్చింది. కండలు షుగర్ని లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తీయాలి. నా కండలకి ఆ తలుపు బిగుసుకుపోయింది. కానీ కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో పని లేకుండా ఇంకో తలుపు తనంతట తనే తెరుచుకుంటుందట. బస్సు వెనక ఎమర్జెన్సీ డోరు! పాతికేళ్లుగా దాని ముందు కూర్చుని, నాకే ఒకటుందని తెలియదు. అన్నం తిన్నాక కాసేపటికి రక్తంలోకి షుగర్ వస్తుంది. సరిగ్గా అప్పుడు మెల్లగా నడిస్తే అది ఆ తలుపులోంచి కండల్లోకి పోతుంది. నడక ఆపాక కూడా మర్నాటి దాకా కండలు ఇన్సులిన్ మాట కాస్త ఎక్కువ వింటాయట. అందుకే ఒకరోజు బోడెక్కి వారం పడుకోవడం దండగ, రోజూ మూడు పూటలా కొంచెం నడవడం మేలు.

"కండ పెరిగితే ఇంకా మంచిది. కుర్చీ పట్టుకుని గుంజీలు తీయండి."

"గుంజీలా?"

నేను బడి మానేసిందే గుంజీల వల్ల. లెక్కల మాస్టారు తీయించేవాడు. ఒకరోజు సగంలో లేచి నిలబడి, మిగతావి రేపు తీస్తానండి అని గేటు దాటాను. ఆ రేపు మళ్లీ రాలేదు. ఆ బాకీ డాక్టరమ్మ రూపంలో నందిగామలో నన్ను పట్టుకుంటుందని ఎవరనుకున్నారు?

మే నెలలో మధ్యాహ్నం అన్నం తిని రోడ్డు మీద నడిస్తే మనిషి అప్పడమైపోతాడు. ఇంట్లో తిరుగుదామంటే ఇల్లు నాలుగడుగుల్లో అయిపోతుంది. మా ఆవిడ చీపురు పట్టుకుని నా వెనకే తిరిగేది, "ఇటు ఊడిస్తే అటు తొక్కుతావేందయ్యా" అంటూ. చివరికి బస్టాండు దొరికింది. పైన కప్పు, పొడుగాటి ప్లాట్‌ఫారం. రోజూ భోంచేసి అక్కడికి పోయి ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేవాణ్ణి. చేతిలో సంచి లేదు, ఏ బస్సూ ఎక్కను. వచ్చిన ప్రతి బస్సు బోర్డూ చదువుతాను. ఆ డ్రైవర్లలో ఎంతమందికి షుగరో, ఎంతమంది దాచుకున్నారో అని మొహాలు వెతికేవాణ్ణి.

ఒకరోజు బెంచీ మీద కూర్చున్న ముసలామె అడిగింది.

"అయ్యా, చందర్లపాడు బస్సు పోయిందా?"

"ఇప్పుడే పోయింది పెద్దమ్మా, నేను చూస్తుండగానే."

"మరి నువ్వెక్కలేదే?"

"నాది అది కాదు."

"ఇందాకట్నుంచి తిరుగుతున్నావ్. నీదెప్పుడు?"

"జూన్లో పెద్దమ్మా."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, సంచి కాళ్ల దగ్గరికి లాక్కుని, ఇంకో బెంచీ మీదకి మారింది.

తిన్న తర్వాతి షుగర్ మెల్లగా దిగడం మొదలైంది. నడిచినరోజు ఒకలా, నడవనిరోజు ఒకలా, డాక్టరమ్మ కొనిపించిన మిషన్లో కళ్లెదుట కనపడేది. పొద్దున్నే చూసేది మాత్రం మొండికేసింది. మంచం దిగకముందే డిపో వాడు బండ్లు వదిలేసేవాడు. దాంతో నాకు మళ్లీ పిచ్చెక్కేది. ఒకరోజు అలా చూసి మిషన్ని మంచం మీద విసిరేశాను.

"ఎంత తిరిగినా ఇంతే. సూది వేయించుకోవడం కన్నా చావడం నయం" అన్నాను.

మా ఆవిడ జోకుకి జోకు వేసే మనిషి. ఆ రోజు వేయలేదు. మిషను తీసి డబ్బాలో పెట్టి అప్పుడు అంది.

"మా నాన్న కూడా ఇదే మాటన్నాడు. సూది వద్దు, సూది వద్దని ఏళ్లు గడిపాడు. కాలు తీసేశాక వేయించుకున్నాడు. నీకు బండి పోద్దని భయం. నాకు బండి కాదయ్యా. బండి పోతే నేను వండి పెడతా. సూది కావాల్సి వస్తే నేనే పొడుస్తా. ఇన్నేళ్లూ మాటల్తో పొడవట్లా?"

చివరి మాటకి నవ్వాలని ప్రయత్నించాను. ఆవిడ నా కాళ్ల దగ్గర కూర్చుని వేళ్ల సందులు చూస్తోంది, ఎక్కడన్నా పుండు పడిందేమోనని. ప్రతి సాయంత్రం ఎందుకలా చూస్తుందో నేను అంతవరకూ అడగలేదు. చాదస్తం అనుకున్నాను. మామ ఒంటికాలితో మంచం మీద ఉండగా నేను చూశాను, అయినా రెండింటినీ కలిపి ఆలోచించలేదు. లెక్కలు అప్పుడే మానేశాను కదా.

ఆ తర్వాత కూడా నడిచాను, గుంజీలు తీశాను. కాకపోతే ఇంచార్జి సారు మొహం ఒక్కటే కాదు, మామ మంచం కూడా ఎదురుగా కనిపించేది. నడక వేగం పెరగలేదు కానీ మధ్యలో ఆగడం తగ్గింది.

బడులు తెరవడానికి కొద్దిరోజుల ముందు మూడు నెలల షుగర్‌కి రక్తమిచ్చాం. బామ్మర్ది ఫోన్ చేసి, "రెండ్రోజులు అన్నం మానేయ్ బావా, దిగుద్ది" అన్నాడు. దీనికి జ్ఞాపకం ఎక్కువరా, రెండ్రోజుల నాటకానికి పడదు అన్నాను. రిపోర్టు వచ్చేదాకా ఆసుపత్రి వరండాలో నేను తిరుగుతుంటే, నర్సమ్మ కూర్చోమని కుర్చీ చూపించింది. మా ఆవిడ ఆమెతో, "ఆయన్ని వదిలేయండి, బిల్లు లేకుండా వైద్యం చేసుకుంటున్నాడు" అంది.

డాక్టరమ్మ కాగితం చూసి తలూపింది.

"దిగింది. ఇంకా దిగాలి. కానీ ఇప్పటికి సూది అక్కర్లేదు."

నేను లేచి నిలబడ్డాను. కూర్చోమంది.

"మొత్తం వినండి. ఈ జబ్బులో ఏళ్లు గడిచేకొద్దీ ఇన్సులిన్ తయారుచేసే చోటు అలిసిపోతుంది. మీరు ఎంత బాగా నడిచినా ఒకరోజు సూది అవసరం పడొచ్చు. అది మీ తప్పు కాదు. సూది వేసుకుని కూడా బండి నడిపేవాళ్లు ఉన్నారు. ఎక్కే ముందు షుగర్ చూసుకోవాలి, తినకుండా ఎక్కకూడదు, జేబులో తీపి ఉండాలి. సూది మొదలయ్యాక నాకు చెప్పకుండా స్టీరింగు పట్టకూడదు. అంతే."

బడి తెరిచిన రోజు ఇంట్లో ఇడ్లీ తిని షెడ్డుకి తొందరగా వెళ్లాను. బయల్దేరే టైము కాలేదు. బస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఇంచార్జి సారు బైకు ఆపి చూశాడు.

"ఏంటి వెతుకుతున్నావ్? ఏమన్నా పడిపోయిందా?"

"ఇంకా పూర్తిగా పడలేదు సార్. పడాలనే తిరుగుతున్నా."

నేనంటున్నది షుగర్ గురించని ఆయనకి అర్థం కాలేదు. రిపోర్టు సంగతి ముందే చెప్పాను కాబట్టి తాళంచెవి ఇచ్చాడు. ఇస్తూ, "మంచిది. ఇంక ఆ సూది గొడవ లేనట్టేగా?" అన్నాడు.

లేదు సార్ అంటే అయిపోయేది. బండి నాది, సీటు నాది. ఎప్పుడూ ముందుకి దూకే నోరు ఆ ఒక్కసారి ఆగింది. తాళంచెవి అరచేతిలో తిప్పుతూ చెప్పాను.

"ఇప్పటికి లేదు సార్. ఎప్పటికీ లేదని చెప్పలేను. కావాల్సి వస్తే వేయించుకుంటా, మానను. ఆ రోజు మీకు చెప్పే బండెక్కుతా. షుగర్ చూసుకుని, మీ ముందే చూసుకుని ఎక్కుతా. దాచి మాత్రం నడపను సార్, వెనక పిల్లలుంటారు. కానీ సూది అన్న ఒక్క మాటకి దిగమంటే దిగను. డాక్టరమ్మ దిగమంటే దిగుతా."

పాతికేళ్లలో ఆయనతో జోకు లేకుండా అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆయన నన్ను చూశాడు, బస్సుని చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇవన్నీ ఇప్పుడెందుకయ్యా? పేటలో పిల్లలు నిలబడి ఉంటారు. తియ్యి బండి."

అది అవునా, కాదా, ఆ రోజొస్తే చూద్దామనా? అడగాలంటే ఆయన అప్పటికే బైకు తిప్పుకున్నాడు. ఎక్కి కూర్చున్నాను. సెలవుల తర్వాత సీటు నా ఒంటికి కొంచెం వదులుగా తగిలింది, ముందుకి జరుపుకున్నాను. తీశాను. హైవే ఎక్కి, పేటకి ముందొచ్చే చిల్లకల్లు దగ్గరపడేదాకా ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూస్తూ పోయాను. క్లచ్ పక్కన ఎడమకాలు ఊరికే ఆడుతూనే ఉంది, ఎండాకాలమంతా ఆడినట్టే. కదిలే కండకి తలుపు తనంతట తనే తెరుచుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది కదా, ఆడనిచ్చాను.